కణం ఎవరి కోసం పనిచేస్తుంది?

ఉన్నత పాఠశాల జీవశాస్త్రంలో కణం పాఠం నిర్మాణం, విధి అని రెండు భాగాలుగా నడుస్తుంది. ఫలానా కణాంగం ఇలా ఉంటుంది, ఫలానా పని చేస్తుంది. లోపలికి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో ప్లాస్మా పొర చూసుకుంటుంది. కేంద్రకం కణాన్ని నడిపిస్తుంది. మైటోకాండ్రియా శక్తి కోసం, రైబోజోములు ప్రోటీన్ల కోసం, లైసోజోములు చెత్తను తొలగించడం కోసం ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ వాక్యాలను పట్టికగా గీసుకుని, కంఠతా పట్టి, పరీక్షలో రాస్తారు. రసాయనశాస్త్రం పాఠంలో మాత్రం ఇలాంటి వాక్యం కనబడదు. సోడియం క్లోరిన్‌తో కలిసేది ఉప్పు తయారుచేయడం కోసమని ఏ పుస్తకమూ రాయదు. వాన పంటల కోసం కురుస్తుందని భూగోళశాస్త్రమూ చెప్పదు. కణం కూడా అణువుల కూడికే. మరి దాని దగ్గరికి వచ్చేసరికి ప్రయోజనం ఎక్కడి నుంచి వచ్చింది? అది ఎవరి ప్రయోజనం? దాన్ని నిర్ణయించిందెవరు?

ఈ ప్రశ్న పాఠ్యప్రణాళికలో లేదు కాబట్టి తరగతిలో మామూలుగా రెండు రకాలుగా దాటిపోతుంది. ఒకచోట ఉపాధ్యాయుడు ఇంత చక్కని ఏర్పాటు దేవుడు కాక ఇంకెవరు చేస్తారని ఒక్క మాట అనేసి బోర్డు వైపు తిరుగుతాడు. మరోచోట అంతా రసాయన చర్యలే, ప్రయోజనం అనేదే లేదని తేల్చేసి, ఆ వెంటనే మైటోకాండ్రియా విధులు రాయమంటాడు. మొదటివాడు శాస్త్రం చెప్పని మాటను శాస్త్రం నోట పెడుతున్నాడు. రెండోవాడు తాను అడుగుతున్నదాన్నే లేదంటున్నాడు. నిజానికి కణాంగాల ప్రయోజనం ఉత్తుత్తిది కాదు. అయితే ప్రయోజనం ఉన్నంత మాత్రాన దాని వెనక తెలిసి సంకల్పించినవాడు ఉండి తీరాలని లేదు. ఈ రెంటినీ విడదీసి చూపడం కణం పాఠం చేయగలిగిన పెద్ద పని. అందుకు కావలసిన వాదోపవాదాలు భారతీయ దర్శనాల్లో వెయ్యేళ్లకు పైబడి ఉన్నాయి.

ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో 57వ కారిక దూడ గురించీ పాల గురించీ మాట్లాడుతుంది. సాంఖ్యుల లెక్కలో ప్రకృతి జడం, దానికి ఎరుక లేదు. పురుషుడు చేతనుడు, కానీ ఏ పనీ చేయడు. పనంతా ప్రకృతిది, దాని ఫలితంగా వచ్చే విముక్తి పురుషుడిది. ఎరుక లేనిది మరొకరి మేలు కోసం ఎలా పనిచేస్తుందన్న ఆక్షేపణ సహజంగానే వచ్చింది. దానికి కారిక పాలను చూపించింది. పాలకు ఏమీ తెలియదు, అయినా దూడ పెరగడానికి స్రవిస్తాయి. ప్రకృతి తీరూ అంతే. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో ఈ ఉదాహరణను ఒప్పుకోలేదు. ఆవు చేతనమైన జీవి, దూడ మీద దానికి ప్రేమ ఉంది, ఆ ప్రేమ వల్లా దూడ చీకడం వల్లా పాలు వస్తాయి. కాబట్టి జడం తనంతట తానే ఒక ప్రయోజనం వైపు నడుస్తుందనడానికి పాలు సాక్ష్యం కావు అన్నారు. అదే పాదంలో గడ్డి గురించిన వాదమూ వస్తుంది. గడ్డి దానంతట అదే పాలుగా మారేదైతే ఎద్దు మేసిన గడ్డీ పాలు కావాలి. కావడం లేదంటే మరో కారణం ఉండాలి.

తర్కం కోసం తెచ్చిన ఉదాహరణే అయినా, ఇంతకంటే మంచి కణం పాఠం దొరకడం కష్టం. ఆవు పొదుగులో పాలు ఊరే సన్నని తిత్తులుంటాయి. తిత్తి లోపలి గోడ ఒకే వరస కణాలతో కట్టి ఉంటుంది. కణానికి ఒక పక్క రక్తనాళాలు, ఇంకో పక్క తిత్తిలోని ఖాళీ. రక్తం నుంచి గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు ప్లాస్మా పొర దాటి లోపలికి వస్తాయి. కేంద్రకంలోని డీఎన్‌ఏలో కేసీన్ అనే పాల ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారై బయటికి వెళ్తాయి. గరుకు అంతర్జీవ ద్రవ్యజాలానికి అంటుకుని ఉన్న రైబోజోములు ఆ నకళ్లను బట్టి అమైనో ఆమ్లాలను గొలుసులుగా కూరుస్తాయి. ఆ గొలుసులు గాల్జీ సంక్లిష్టానికి చేరి, అక్కడ కాల్షియంతో కలిసి సూక్ష్మమైన గుండ్లుగా చుట్టుకుంటాయి. పాలలోని తీపికి మూలమైన లాక్టోజు కూడా గాల్జీలోనే తయారవుతుంది. అది ద్రవాభిసరణం వల్ల నీటిని లోపలికి లాగుతుంది. పాలు అన్ని లీటర్లు కావడానికి ముఖ్య కారణం ఇదే. కొవ్వు దారి వేరు. అంతర్జీవ ద్రవ్యజాలం దగ్గర పుట్టిన కొవ్వు బిందువు కణం అంచుకు జరిగి, ప్లాస్మా పొర ముక్కనే ఒంటికి చుట్టుకుని బయటికి ఊడిపడుతుంది. ఇంత పనికీ కావలసిన శక్తినిచ్చే ఏటీపీని మైటోకాండ్రియా సరఫరా చేస్తాయి. పుస్తకంలో ఒకటి, రెండు, మూడు అని విడివిడిగా ఉన్న కణాంగాలన్నీ ఇక్కడ ఒకే పనిలో ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి.

శంకరులు అడిగిన ఎద్దు ప్రశ్నకు జవాబు కేంద్రకంలో ఉంది. కేసీన్ జన్యువులు లింగ క్రోమోజోముల మీద ఉండేవి కావు. ఎద్దు కణాల్లోనూ అవి ఉన్నాయి. పాలు ఊరే కణజాలం పెరిగి, ఈనే వేళ హార్మోన్ల సంకేతం అందితేనే ఆ జన్యువులు పనిలోకి దిగుతాయి. ఆవులో అది జరుగుతుంది, ఎద్దులో జరగదు. పాడి రైతుకు ఈ సంగతి మరో దారిన తెలుసు. కృత్రిమ గర్భధారణకు వీర్యాన్ని ఎంచుకునేటప్పుడు ఆ ఆబోతు కూతుళ్లు ఎన్ని పాలిచ్చాయో చూస్తారు. తాను ఒక్క చుక్క పాలివ్వని జీవి పాల సామర్థ్యాన్ని తరువాతి తరానికి అందిస్తోంది. గడ్డికి తోడు మరో కారణం ఉండాలన్న శంకరుల తర్కం సరైనదే. ఆ కారణం మాత్రం కణం లోపల, నియమబద్ధమైన రసాయన వ్యవస్థగా దొరికింది.

ఇక ప్రేమ సంగతి. పొదుగులో పాలు ఉన్నా ఆవు చేపనిదే చేతికి రావు. దూడ మూతితో పొడిచి చన్ను చీకగానే నాడుల ద్వారా సంకేతం మెదడుకు వెళ్తుంది. పీయూష గ్రంథి వెనక భాగం నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి విడుదలవుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో తిత్తుల చుట్టూ ఉన్న కండర స్వభావం గల కణాలు బిగుసుకుని పాలను చన్నులోకి నెడతాయి. ఆవు బెదిరితే అడ్రినలిన్ దీనికి అడ్డుపడుతుంది, అందుకే బెదిరిన ఆవు చేపదు. దూడ చచ్చిపోయినప్పుడు దాని తోలులో గడ్డి కుక్కి ఆవు ముందు నిలబెట్టే అలవాటు పల్లెల్లో ఉండేది. ఆవు ఆ తోలును నాకి, వాసన చూసి, చేపేది. అక్కడ పాలు ఎవరి పెరుగుదల కోసం? పెరిగే దూడ లేదు. అయినా కేసీన్ తయారైంది, లాక్టోజు నీటిని లాగింది, కణాలు బిగుసుకున్నాయి. ఆవుకు దుఃఖం లేదనీ, ప్రేమ లేదనీ దీని అర్థం కాదు. ఆ తోలును నాకుతున్న ఆవును చూసినవారెవరూ ఆ మాట అనలేరు. పొదుగులోని కణానికి మాత్రం దూడ బతికుందో లేదో తెలిసే దారి లేదు. దానికి అందింది ఆక్సిటోసిన్ ఒక్కటే. ఎరుక లేకుండానే ప్రయోజనం వైపు పని జరగగలదన్న సాంఖ్యుల మాట కణం స్థాయిలో నిలుస్తుంది. దూడ, ఆవు, వాటి మధ్య బంధం లేనిదే పాల కథ పూర్తి కాదన్న శంకరుల మాట జంతువు స్థాయిలో నిలుస్తుంది. శంకరుల అసలు సిద్ధాంతం శరీరధర్మాల గురించినది కాదనీ, సమస్తానికీ చైతన్యమే ఆధారమన్నదనీ ఇక్కడ మరిచిపోకూడదు. ఆ సిద్ధాంతాన్ని ఆక్సిటోసిన్ ఖండించలేదు, స్థాపించనూ లేదు.

కణంలో జరిగే పనికి ప్రత్యేకమైన ప్రాణశక్తి అవసరమా అన్న వాదానికి పులియడం అనే మరో ఉదాహరణ చుట్టూ చరిత్ర ఉంది. చైతన్యం నాలుగు భూతాల కలయిక వల్ల పుడుతుందని భౌతికవాదులైన చార్వాకులు చెప్పినట్టు 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం నమోదు చేసింది. విడివిడిగా మత్తు లేని దినుసులు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టే ఇదీ అన్నారు. 1837 ప్రాంతంలో థియోడర్ ష్వాన్ పులియడానికి కారణమైన ఈస్టు సజీవ కణమని చూపించాడు. రెండేళ్ల తరవాత జంతువులన్నీ కణాలతోనే ఏర్పడ్డాయని ప్రకటించింది ఈ ష్వానే. జీవం లేనిచోట పులియడం లేదని లూయీ పాశ్చర్ 1857 నుంచి వరస ప్రయోగాలతో వాదించాడు. అంటే లొట్టిలో కల్లు పొంగడం జడం నుంచి కొత్త గుణం పుట్టడానికి ఉదాహరణగా నిలవదు. అక్కడ జీవం ముందే ఉంది. చార్వాకుల పోలిక అలా కూలిపోయినట్టే అనిపించింది. కానీ 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, రసం పిండి, దానిలో చక్కెర కలిపితే బతికున్న కణం ఒక్కటీ లేకుండానే బుడగలు లేచాయి. చక్కెర ఆల్కహాలైంది. పులియబెట్టేది కణంలోని ఎంజైములని తేలింది. దీనికి ఆయనకు 1907లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రాణశక్తి అనుకున్నది అలా ఒక్కో రసాయనంగా చేతికి చిక్కుతూ వచ్చింది. ఆ వరసలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే రంగు పద్ధతిని 1925లో రూపొందించాడు. దాని సాయంతో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే ఏడు విడిగా ఏటీపీని కనుగొన్నాడు. మైటోకాండ్రియాను శక్త్యాగారాలని పిల్లల చేత వల్లె వేయించే తెలుగు తరగతిలో, ఆ శక్తి నాణేన్ని మొదట చూసినవారిలో ఒకరు తెలుగువాడని చెప్పకపోవడం అన్యాయం. ఇంతా చేసి, బుక్నర్ రసం ఆల్కహాలును తయారుచేసింది గాని ఈస్టును తయారుచేయలేదు. కణం మరో కణం నుంచే పుడుతుందని 1850లలో రుడాల్ఫ్ విర్కో ప్రచారంలోకి తెచ్చిన సూత్రం చెక్కుచెదరలేదు. కణంలో జరిగే ప్రతి పనికీ రసాయన వివరణ దొరకవచ్చు. ఆ పనులన్నీ ఇలా ఒకచోట అమరి ఉండటానికి వివరణ కావాలంటే కణం వెనక ఉన్న కణాల వరసను, అంటే చరిత్రను తవ్వాలి.

అమరిక నుంచి కర్తను ఊహించడం ఐరోపాలోనూ పాత పద్ధతే. విలియం పేలీ 1802లో గడియారాన్ని చూస్తే చేసినవాడు గుర్తుకొచ్చినట్టు జీవుల్ని చూస్తే సృష్టికర్త తోచాలని వాదించాడు. దానికి పన్నెండేళ్ల ముందే తత్త్వవేత్త కాంట్ ఇంకా లోతైన మాట చెప్పి ఉన్నాడు. గడియారంలో ఒక చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది గాని పుట్టించదు. జీవిలో భాగాలు ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి, ఒకదాన్నొకటి తయారుచేస్తాయి. కణంలో చూస్తే ఇది స్పష్టం. డీఎన్‌ఏ సమాచారం లేనిదే ప్రోటీన్లు లేవు, ప్రోటీన్లు లేనిదే డీఎన్‌ఏ నకలు కాదు. జీవిని ప్రయోజనం ఉన్నదానిగా చూడకుండా మనం అర్థం చేసుకోలేం, అయితే ఆ చూపు మన ఆలోచనకు దారి చూపే పద్ధతే తప్ప ప్రకృతిలో సంకల్పం ఉందనడానికి రుజువు కాదు అన్నాడు కాంట్. 1859లో డార్విన్ చూపిన ప్రకృతివరణం ఆ రెండు మాటల మధ్య ఖాళీని చాలావరకు పూరించింది. తరతరాలుగా చిన్న చిన్న తేడాలు వస్తాయి. బతకడానికి, సంతానాన్ని కనడానికి తోడ్పడిన తేడాలు నిలుస్తాయి. ఇప్పుడున్న కణాంగం ఎందుకుందంటే, దాని పూర్వరూపాలు చేసిన పని వల్ల వాటిని మోసిన జీవులు నిలిచాయి కాబట్టి.

తత్త్వవేత్త లారీ రైట్ 1973లో విధి అనేదాన్ని ఈ దారిలోనే నిర్వచించాడు. ఒక భాగం ఏ పని చేయడం వల్ల అక్కడ ఉందో అదే దాని విధి. గుండె రక్తాన్ని తోస్తుంది, చప్పుడూ చేస్తుంది. తోయడం వల్ల గుండె నిలిచింది, చప్పుడు వల్ల కాదు. రాబర్ట్ కమిన్స్ 1975లో దీనికి పోటీగా, చరిత్రతో పని లేకుండా మొత్తం వ్యవస్థ సామర్థ్యానికి ఆ భాగం ఏమి అందిస్తోందో చూస్తే చాలన్నాడు. ప్రయోగశాలలో పనిచేసేవారు రోజూ వాడేది కమిన్స్ అర్థమే. కానీ విధికీ పక్క ఫలితానికీ తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు రైట్ దగ్గరికే వెళ్లాలి. మైటోకాండ్రియాలో ఏటీపీ తయారవుతున్నప్పుడు వేడి కూడా పుడుతుంది. చాలా కణాల్లో అది పక్క ఫలితం. పసిపిల్లల భుజాల మధ్య, మెడ దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వు కణాల్లో మాత్రం మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రత్యేక ప్రోటీన్ ఉంటుంది. అది ఏటీపీకి దారితీయాల్సిన ప్రోటాన్లను పక్కదారి పట్టించి వేడిగా మారుస్తుంది. అక్కడ వేడే విధి. చలికి తట్టుకోవడానికి పసివాడికి అదే ఆధారం. అదే కణాంగం, ఒకచోట వేడి పక్క ఫలితం, ఇంకోచోట అసలు పని. మైటోకాండ్రియా విధి ఏమిటన్న ప్రశ్నకు ఒకే మాటతో జవాబు రాయించడం ఎంత పొరపాటో చూపడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మైటోకాండ్రియా చరిత్ర ఇంకా వెనక్కి పోతే ప్రయోజనం ఎవరిదన్న ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. అవి ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియాలన్న వాదాన్ని లిన్ మార్గులిస్ 1967లో ప్రచురించింది. అంతకుముందు ఎన్నో పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. ఇవాళ అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మైటోకాండ్రియాకు రెండు పొరలు, సొంత రైబోజోములు, సొంత డీఎన్‌ఏ ఉన్నాయి. మనుషుల్లో అందులో 37 జన్యువులు మిగిలాయి. పాత బాక్టీరియా ఎవరి కోసమూ ఏటీపీ తయారుచేయలేదు, తన కోసం చేసుకుంది. సహవాసం కొన్ని కోట్ల తరాలు సాగాక మొత్తం కణమే దానికి ఇల్లయింది, దాని పని కణానికి జీవాధారమైంది. ప్రయోజనం ఒకరి నుంచి ఇంకొకరికి అలా చేతులు మారింది.

ఆ మార్పు పూర్తిగా జరగలేదనడానికి సాక్ష్యం కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో హైబ్రిడ్ వరి విత్తనం పండించే చేలల్లో కనిపిస్తుంది. ఆ చేలల్లో ఆడ వరసల వరికి పుప్పొడి పనికిరాదు. అందుకు కారణం మైటోకాండ్రియాలోని ఒక జన్యువు. చైనాలోని హైనాన్ దీవిలో 1970లో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దొరికిన అడవి వరి మొక్క నుంచి ఆ గుణం వచ్చింది. వరిలో మైటోకాండ్రియా తల్లి ద్వారానే తరువాతి తరానికి చేరతాయి. పుప్పొడి చెడిపోతే వాటికి పోయేదేమీ లేదు. మొక్కకు మాత్రం నష్టం. చాలా మొక్కల్లో కేంద్రకంలో పుప్పొడిని తిరిగి బాగుచేసే జన్యువులు ఉండటానికి ఈ పేచీయే కారణం. పక్కనున్న మగ వరసలను కర్రలతోనో తాడుతోనో కదిపి పుప్పొడిని ఆడ వరసల మీదికి రాల్చే కూలీలు ఒక కణాంగానికీ కేంద్రకానికీ మధ్య ఉన్న విభేదం మీదే పనిచేస్తున్నారు. ప్రతి కణాంగమూ మొత్తం కణం మేలు కోసమే ఉందన్న వాక్యం చాలావరకు నిజం, పూర్తిగా నిజం కాదు.

మేలు అన్న మాటకు అసలు పరీక్ష చావు దగ్గర వస్తుంది. లైసోజోములను 1955లో క్రిస్టియన్ డి డూవ్ గుర్తించాడు. వాటిని స్వయం విచ్ఛిత్తి సంచులని పుస్తకాలు పిలుస్తాయి. అవి పగిలితే కణం తనను తాను జీర్ణం చేసుకుంటుందని చెబుతాయి. ఆ వర్ణన పాతబడింది. కణం క్రమబద్ధంగా చనిపోయే మార్గంలో ముఖ్యపాత్ర మైటోకాండ్రియా నుంచి బయటపడే సైటోక్రోమ్‌ సి దీ, కాస్పేజులనే ఎంజైములదీ. లైసోజోము రోజువారీ పని అరిగిపోయిన భాగాలను కరిగించి తిరిగి వాడుకోనివ్వడం. క్రమబద్ధమైన చావు ఎంత మామూలు సంగతో ఒక చిన్న పురుగులో లెక్కగట్టారు. సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ ఎదుగుతున్నప్పుడు 1090 శరీర కణాలు పుడతాయి, వాటిలో 131 ప్రతిసారీ అవే, ఇంచుమించు అవే వేళల్లో చనిపోతాయి. ఈ పరిశోధనకు 2002లో నోబెల్ వచ్చింది. ఆవు వట్టిపోయినప్పుడు పొదుగులోనూ ఇదే జరుగుతుంది. పాలు తీయడం ఆగాక తిత్తుల కణాల్లో కొన్ని ఇలాగే అణగిపోతాయి; మళ్లీ ఈనే లోపు కొత్తవి పుడతాయి.

ఇక్కడ ఉపాధ్యాయుడికి ఒక నీతి సిద్ధంగా దొరుకుతుంది: కణం మొత్తం శరీరం కోసం ప్రాణమిస్తుంది, ప్రతి కణమూ తన పని తాను చేసుకుపోతుంది, మనుషులూ అలాగే ఉండాలి. ఈ నీతిని గట్టిగా ఆపాలి. ఒక శరీరంలోని కణాలన్నీ ఒకే పిండం నుంచి వచ్చినవి, దాదాపు ఒకే డీఎన్‌ఏ ఉన్నవి. ఒకటి చచ్చినా దాని జన్యువుల నకళ్లు మిగతావాటిలో నడుస్తాయి. అందుకే అలాంటి చావు పరిణామంలో నిలిచింది. మనుషుల మధ్య ఆ సంబంధం లేదు. సమాజాన్ని శరీరంతో పోల్చి, కొందరు తల, కొందరు కాళ్లు అని పుట్టుకను బట్టి పనులు పంచడం ఈ దేశంలో ఎంతమందిని ఎంతకాలం అణిచిందో తెలిసిందే. విర్కో కూడా శరీరాన్ని రాజ్యంతో పోల్చాడు. ప్రజాస్వామ్యవాది కాబట్టి అందులో ఆయనకు సమానుల సమాజం కనిపించింది. ఒకే కణాన్ని చూసి ఒకరు గణతంత్రాన్ని, ఇంకొకరు అంతస్తులను చదువుకోగలిగారంటే ఆ నీతి కణంలో లేదు, చదివినవారి దగ్గరే ఉంది.

మతానికి సంబంధించి రెండు తొందరపాట్లు ఉన్నాయి. బాక్టీరియా ఈదడానికి వాడే కశాభం లాంటి యంత్రం అంచెలంచెలుగా ఏర్పడే వీలే లేదని, దాని వెనక తెలివైన రూపకర్త ఉండాలని అమెరికాలో మైకేల్ బీహీ 1996లో రాసిన పుస్తకం వాదించింది. ఆ ఆలోచనను బడిలో శాస్త్రంగా పరిచయం చేయడం రాజ్యాంగ విరుద్ధమని పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో 2005లో న్యాయమూర్తి జాన్ జోన్స్ తీర్పిచ్చాడు. ఇలాంటి వాదం భక్తికి కూడా మేలు చేయదు. దేవుణ్ని మనకు ఇంకా తెలియని జాగాలో కూర్చోబెడితే, తెలిసిన కొద్దీ ఆయన జాగా తరుగుతుంది. ఈశ్వరుడున్నాడని నిరూపించడానికి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో చేసిన వాదం దీనికంటే పటిష్ఠం. అది ఏదో ఒక అవయవపు సంక్లిష్టత మీద నిలవలేదు. ప్రపంచమంతా ఒక కార్యం, కార్యానికి కర్త ఉండాలన్న సామాన్య వ్యాప్తి మీద నిలిచింది. దాన్ని ఒప్పుకోవడం, కాదనడం తర్కశాస్త్రంలో జరగాలి. సూక్ష్మదర్శిని ఎటువైపూ సాక్ష్యం చెప్పదు.

రెండో తొందరపాటు మన దగ్గర ఎక్కువ. కంటికి కనిపించని సూక్ష్మ జీవులను జైనులు నిగోదాలన్నారు కాబట్టి కణం వాళ్లకు ముందే తెలుసనడం దానికి ఉదాహరణ. నిగోదంలో ఒకే శరీరాన్ని అనంతమైన ఆత్మలు పంచుకుంటాయని జైన సిద్ధాంతం. కందమూలాలు తినకపోవడానికీ, అహింసను అంత దూరం తీసుకెళ్లడానికీ అది ఆధారం. రాబర్ట్ హుక్ 1665లో బెండు ముక్కలో చూసిన గదులతో దాన్ని జతకట్టడం వల్ల రెంటికీ అన్యాయమే. హుక్ చూసినవి చచ్చిన కణాల గోడలు. జైనులు చెప్పింది ఏ జీవినీ హింసించకుండా బతకడం ఎంత కష్టమో.

ఈ ప్రశ్నలన్నీ తొమ్మిదో తరగతికి బరువనుకోవచ్చు. పాఠం చెప్పే పద్ధతిలో చిన్న మార్పు చాలు. ఉల్లిపొరను ఒలిచి, స్లైడు మీద నీటి చుక్కలో పరిచి, అయోడిన్ వేసి చూస్తే ఇటుకల్లా పేర్చిన గదులు, వాటిలో ఒక పక్కకు ఒదిగిన కేంద్రకం కనిపిస్తాయి. చెంప లోపలి పొరను మెల్లగా గీకి మిథిలీన్ బ్లూ వేస్తే గోడ లేని, ఆకారం నిలవని కణాలు కనిపిస్తాయి. రైబోజోములు కనిపించవు. అవి సుమారు 20 నుంచి 30 నానోమీటర్లు; బడిలోని కాంతి సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్లకు తగ్గిన వివరాన్ని విడదీసి చూపలేదు. కాబట్టి బోర్డు మీది బొమ్మలో కంటితో చూసిందేదో, వేరే పద్ధతుల్లో తెలుసుకుందేదో పిల్లలకు విడమరిచి చెప్పాలి. ఆ రెండో జాబితాలోనే విధులన్నీ ఉన్నాయి. విధి ఏ సూక్ష్మదర్శినిలోనూ నేరుగా కనబడదు. కణాన్ని నూరి, భాగాలను వేరుచేసి, ఒకదాన్ని పాడుచేసి ఏం ఆగిపోయిందో చూసి, దగ్గరి జీవులతో పోల్చి రాబట్టిందే.

విధుల పట్టికకు పక్కన మరో వరస గీయించవచ్చు. మైటోకాండ్రియా ఎదురుగా ఏ పని చేస్తుందో రాశాక, ఎలా చేస్తుందో ఒక వాక్యం, అది అక్కడికి ఎలా వచ్చిందో ఒక వాక్యం రాయించాలి. మొదటిదానికి జవాబు రసాయనశాస్త్రం, రెండోదానికి పరిణామం ఇస్తాయి. పరిణామాన్ని పదో తరగతికో ఆ పైకో వాయిదా వేసి, ముందు కణం చెప్పేయడం వల్లనే పిల్లల మనసులో విధి అంటే ఎవరో అప్పగించిన పని అన్న బొమ్మ స్థిరపడుతుంది. విఫలమైన కణాంగాలనూ చూపాలి. లైసోజోములో ఒక్క ఎంజైము లేకపోతే పసిపిల్లల మెదడులో కొవ్వు పేరుకుపోయి టే-శాక్స్ జబ్బు వస్తుంది. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లోవారికి అంతా చక్కని ఏర్పాటే అన్న మాట గుచ్చుకుంటుంది. ఎవరో ఒకరు అలాంటి ఇంటి నుంచి తరగతిలో కూర్చుని ఉండవచ్చు.

కణం ఎవరి కోసం పనిచేస్తుందని విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడు చెప్పగలిగింది ఇంత: పొదుగులోని కణం ఎవరి కోసమో తెలిసి పనిచేయదు; దూడలను బతికించిన ఆవుల సంతతి నిలిచింది కాబట్టి అలాంటి కణాలు నిలిచాయి; ఆ అర్థంలో పాలు దూడ కోసమే. ఇంతకు మించి అడిగితే, ఉదాహరణకు ఆ ఆవుకు దూడ మీద ఉన్న ప్రేమ, ఎదుట ఉన్నది దూడ అన్న ఎరుక కూడా కణాల పనేనా అంటే, నాడీకణాల పాఠం కొంత చెబుతుంది: సంకేతం ఎలా నడుస్తుందో, ఏ రసాయనం ఎక్కడ విడుదలవుతుందో. ఆ సంకేతం నడుస్తున్నప్పుడు లోపల ఒకరికి ఏదో అనిపించడం ఎందుకన్నది అందులో లేదు. సాంఖ్యులు పురుషుణ్ని ప్రకృతి నుంచి విడిగా పెట్టిందీ, శంకరుల దారిలోని అద్వైతులు చైతన్యాన్ని అన్నిటికీ మూలమన్నదీ, చార్వాకులు దాన్ని భూతాల నుంచి పుట్టించిందీ ఈ ప్రశ్న దగ్గరే. ఉన్నత పాఠశాల కణం పాఠం దాని ముంగిట దాకా వస్తుంది. ఆ తరవాతి పాఠం కణజాలాలు.